కట్లు కట్టుకున్న అస్థిపంజరం

ఆ రోజుల్లో అస్థిపంజరం అనే మాటకు మా ఇంట్లో ఒకటే అర్థం ఉండేది. అది నేను. పాఠ్యపుస్తకం ఏం చెప్పినా, నిఘంటువు ఏం చెప్పినా, మా అవ్వ "ఆ బొక్కల గూడుకు ఇంకింత పప్పు పొయ్యిండ్రి" అంటే ఆ పప్పు వచ్చి నా కంచంలోనే పడేది. పక్కింటివాళ్లు మేడ కట్టాలని పిల్లర్లు లేపి, స్లాబు పోసి, గోడల సంగతి మరిచిపోయి ఏడాదిపాటు వదిలేస్తే, మా అన్న రోజూ పళ్లు తోముకుంటూ దాన్ని చూసి, అదీ, మా చెల్లె ఇద్దరూ కవలలని అందరికీ చెప్పేవాడు. బడిలో మగపిల్లలకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి వాళ్లు స్కెలిటన్ అనేవాళ్లు. (ఇంగ్లీషులో తిడితే కొంచెం గౌరవంగా ఉంటుందని అప్పట్లో నాకో భ్రమ.) మేత దొరక్క ఎండిన ఆవును చూసినా, చక్రాలూ ఇంజనూ ఊడదీసి షెడ్డు ముందు పడేసిన ట్రాక్టరును చూసినా మావాళ్లకు నేనే గుర్తొచ్చేదాన్ని. ఒక్క మాటకు లోకంలో ఇన్ని వాడకాలుంటే అన్నీ నా నెత్తి మీదికే ఎందుకు రావాలని నాకు మండిపోయేది. ఇప్పుడు నన్ను చూసినవాళ్లు ఇదంతా నమ్మరు. నమ్మించడానికి నేనూ పెద్దగా కష్టపడను.

అలాంటి నాకు డిగ్రీ అయిన ఏడాదే బాన్సువాడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే పూర్తిగా వచ్చిందని కాదు. ఆ బడిలో తొమ్మిదో తరగతి వరకే ఉండేది. పదో తరగతికి పర్మిషన్ ఇవ్వమని పెద్దసారు (బడి ఆయనదే, గంట కొట్టేదీ చాలాసార్లు ఆయనే) దరఖాస్తు పెట్టుకున్నారు. ఒక అధికారి వచ్చి ల్యాబు చూస్తాడు, పాఠం వింటాడు, నచ్చితే పర్మిషన్ ఇస్తాడు. పదో తరగతి ఉంటే నేనుంటాను. లేకపోతే తొమ్మిది దాకా సైన్సు చెప్పుకోవడానికి లెక్కల సారు చాలు. చేరిన రోజే ఆయన ఈ సంగతి మొహమాటం లేకుండా చెప్పేశారు. నేను బుద్ధిగా తలూపాను గానీ, వారం తిరిగేసరికి ఆ ఉద్యోగం వదిలేది లేదని గట్టిగా అనుకున్నాను. కారణం పెద్దదేం కాదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి జనం నన్ను ఇంకో పేరుతో పిలిచారు. ఆ గేటు దాటి లోపలికి వెళ్తే నేను టీచర్‌ని. బయటికి వస్తే మళ్లీ బొక్కల గూడునే. ఆ గేటు లోపలే ఉండిపోవాలని ఎంత ఆశపడ్డానో ఇప్పుడు చెప్పినా నాకే కొంచెం సిగ్గుగా ఉంటుంది.

ల్యాబు అంటే ఒక గది. అందులో నాలుగు గాజు గొట్టాలు, గోడకు రెండు పటాలు, సీసాలో ఒక పాము. దీన్ని చూసి ఏ అధికారీ పర్మిషన్ ఇవ్వడని పెద్దసారుకే అనుమానం వచ్చి, హైదరాబాదు నుంచి నిలువెత్తు ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని తెప్పించారు. ఇన్‌స్పెక్షన్ నాలుగు రోజులుందనగా సాయంత్రం బస్సులో ఆ పెద్ద డబ్బా దిగింది. నీకు జువాలజీ ఉంది కదమ్మా, మనిషి ఎముకలన్నీ తెలుసు కదా అని ఆయన అడిగారు. రెండొందల ఆరు సార్ అన్నాను. ఆయన లెక్క అడగలేదు. కానీ వాటి గురించి నాకు తెలిసింది ఆ లెక్క ఒక్కటే. డిగ్రీలో నేను కోసింది బొద్దింకను, దగ్గరగా చూసింది కప్పను. మనిషి దాకా నా చదువు రాలేదు. ఏదైతే అదవుతుంది, రేపు విప్పి పుస్తకం పక్కన పెట్టుకుని నేర్చుకుంటానని ధైర్యం చెప్పుకుని, డబ్బాను ల్యాబులో పెట్టించి ఇంటికి వెళ్లాను.

మరునాడు పొద్దున నేను బడికి వెళ్లేసరికి బోరింగు దగ్గర ఆయమ్మ పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆయమ్మంటే గదులు ఊడ్చి, నీళ్లు నింపి, ఏడ్చే చిన్నపిల్లల ముక్కులు తుడిచే మనిషి. అందరికంటే ముందు వచ్చి బడి తాళం తీసేది ఆమే. ఆమె ముందు పెద్ద గంగాళం, గంగాళంలో పసుపు నీళ్లు, ఆ నీళ్లలో కాళ్లు, చేతులు, పక్కటెముకలు. పుర్రెను ఒళ్లో పెట్టుకుని కుంకుడు రసంతో రుద్దుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపకుండానే అంది.

"తానం పోస్తున్న టీచరమ్మా. ఎవ్వలు కన్న బిడ్డనో ఏమో పాపం, పోయినంక గిన్ని నీళ్లన్న పోసిన్రో లేదో. గట్లనే తెచ్చి పిల్లల నడుమ ఎట్ల నిలవెడ్తం?"

ఇది మనిషి కాదు, ప్లాస్టిక్ అని చెప్పాను. చనిపోయిన వాళ్ల గురించి అంత తేలిగ్గా మాట్లాడకూడదన్నట్టు ఆమె నా వైపు చూసింది. మరి వీటిని కలిపి ఉంచిన తీగలు, స్ప్రింగులు, స్క్రూలు ఏవని అడిగాను. కట్లు విప్పకుండా ఏ శవానికైనా స్నానం పోస్తారా అని ఆమె నన్నే అడిగింది. వాటినన్నిటినీ మూట కట్టి, పొద్దున్నే బడి వెనక కాలువలో కలిపి, దండం పెట్టి వచ్చిందట. (మా నిజాంసాగర్ కాలువకు తీసుకోవడమే గానీ తిరిగి ఇచ్చే అలవాటు లేదు.)

నాకు కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు. ఎవరో ఏమిటో తెలియని మనిషి కోసం తెల్లవారకముందే లేచి, నీళ్లు కాచి, పసుపు కలిపి, సొంత కొడుక్కి పోసినట్టు తలకు పోస్తోంది. ఆమెను ఏమని తిట్టను? ఇంతలో పెద్దసారు స్కూటరు దిగి, గంగాళంలోకి చూసి, ఇదేమిటని అడిగారు. ఆయమ్మ నోరు తెరవకముందే నేను తెరిచాను. పార్శిల్లో ముక్కలుగానే వచ్చింది సార్, దుమ్ముందని కడిగిస్తున్నానన్నాను. నాకు అంత చక్కగా అబద్ధం ఆడటం వచ్చని నాకే తెలియదు. మరి ఎవరు బిగిస్తారని ఆయన అడిగితే, "నేనే బిగిస్త సార్, ఇన్‌స్పెక్షన్ నాటికి నిలవెడ్త" అన్నాను. అనేశాక ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు. తీసుకోవాలనీ అనిపించలేదు.

రెండు గోనె సంచుల్లో అస్థిపంజరాన్ని ఆటోలో ఇంటికి తెచ్చాను. అమ్మ సంచి విప్పి చూసి, వీధి తలుపు వేసేసింది. దాంతో మా మకాం పశువుల కొట్టంలోకి మారింది. అవ్వ మాత్రం కర్ర పట్టుకుని చూడటానికి వచ్చి, అటూ ఇటూ తిరిగి, ఇది నీకంటే కొంచెం బొద్దుగానే ఉందని తేల్చింది. రెండు రోజులు బడి కాగానే వచ్చి పుస్తకం ఎదురుగా పెట్టుకుని, ఇనుప తీగతో బిగించాను. మొదటిసారి నిలబెడితే మోకాళ్లు కొంగకు మల్లే వెనక్కి వంగాయి. అవి సరిచేస్తే బొటనవేళ్లు రెండూ వెనక ఎవరినో పిలుస్తున్నట్టు వెనక్కి తిరిగాయి. పుస్తకంలో బొమ్మను ముందు నుంచే వేశారు. వెనక నుంచి మనిషి ఎలా ఉంటాడో వాళ్లు చెప్పలేదు. మా బర్రె దీని మొహం చూసి బెదిరి రెండు పూటలు పాలివ్వలేదు. అన్న వచ్చి, రాజీనామా ఇంగ్లీషులో రాయాలా తెలుగులో రాయాలా అని అడిగి వెళ్లాడు. ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే అది చూసి అన్న సంతోషపడతాడని ఆపుకున్నాను. ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాను.

రెండో రోజు చీకటి పడుతుండగా బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) గడ్డి వేయడానికి కొట్టంలోకి వచ్చాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా చేతిలో ఉన్న భుజం ఎముకను కాసేపు చూసి, "రేపు అంగడి గద. కట్ల తాత వస్తడు. ఆయనను అడుగు" అని, గడ్డి వేసి వెళ్లిపోయాడు. నాకు ఆ ఆలోచన అంతవరకు రాకపోవడం విచిత్రం. డిగ్రీ చదివినవాళ్లకు ఇలాంటివి ఆలస్యంగా తడతాయి.

కట్ల తాత మరాఠీ సరిహద్దున ఉన్న డోంగ్లి దిక్కు మనిషి. విరిగిన ఎముకలు కూర్చి కట్టు కట్టడం ఆయన పని. వారం వారం సంత జరిగే అంగడి రోజు పొద్దున్నే బస్సు దిగి, ఒక కిరాణా దుకాణం అరుగు మీద తువ్వాల పరుచుకుని కూర్చునేవాడు. ఊళ్లో దవాఖానలు ఎన్ని ఉన్నా, చింతచెట్టు మీంచి పడ్డవాళ్లూ, బండి మీంచి పడ్డవాళ్లూ ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఎవరొచ్చినా ముందు మరాఠీలో "కాయ్ ఝాలా?" అని, ఏమైందో తెలుసుకునేవాడు. తర్వాత కళ్లు మూసుకుని విరిగిన చోట వేళ్లతో తడిమేవాడు. తడిమి తడిమి, వాళ్లు ఏదో మాట్లాడుతుండగానే లటుక్కున లాగి సరిచేసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో చుట్టేవాడు. ఇరవై ఒక్క రోజుల దాకా విప్పొద్దనేది ఆయన అందరికీ చెప్పే ఆఖరి మాట.

బడికి సెలవు పెట్టి, రెండు సంచులతో వరసలో నిలబడ్డాను. ముందు మణికట్టు బెణికిన రైతు, వెనక కాలు విరిగిన పిల్లను ఎత్తుకున్న తల్లి. నా వంతు వచ్చింది. ఆయన "కాయ్ ఝాలా, యాడ నొస్తుంది బిడ్డ?" అని అడిగాడు. నేను సంచి మూతి విప్పి చూపించాను. ఆయన లోపలికి తొంగి చూసి, రెండో సంచి మూతి కూడా విప్పించి చూశాడు. తర్వాత జాలిగా తలెత్తి నా వైపు చూశాడు.

"చానా ఆలస్యంగ తెచ్చినవ్ బిడ్డ."

వరసంతా ఘొల్లుమంది. కాలు విరిగిన పిల్ల కూడా ఏడుపు ఆపి నవ్వింది. నేను మాత్రం కదల్లేదు. సంగతంతా చెప్పాను. పోయినవాళ్ల ఎముకలు తాను ముట్టనన్నాడు. ప్లాస్టిక్ అని గోటితో కొట్టి చూపిస్తే, ప్లాస్టిక్‌కు పసుపు ఎవరు పూశారని అడిగాడు. అదీ చెప్పక తప్పలేదు. ఆయమ్మ స్నానం పోసిందని వినగానే ఆయన నవ్వకుండా, మంచి పని చేసిందని చెప్పి, మిగతావాళ్లను చూసి పంపేదాకా కూర్చోమన్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. ఎముకలన్నీ తువ్వాల మీద పరిస్తే తాత ఒక్కొక్కటీ తీసి అటూ ఇటూ తిప్పి, కింద పెట్టేస్తున్నాడు. ఏది ఎక్కడిదో ఆయనకూ తెలియడం లేదు. "నలభై ఏండ్ల సంది బొక్కలు కడుతున్న గని, ఒక్క బొక్కనన్న కండ్లతోని సూడలె" అన్నాడు మెల్లగా. ఆయన కళ్లు మూసుకుని మళ్లీ తడిమాడు. పైన కండ లేదు, నొప్పని అరిచేవాళ్లు లేరు, సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుందని గొణిగాడు. కాసేపు ఆలోచించి, నా చెయ్యి ఇలా ఇవ్వమన్నాడు.

కళ్లు మూసుకుని నా ఎడమ చేతిని భుజం నుంచి మణికట్టు దాకా తడిమి, మొహమంతా వెలిగిపోతూ, "మంచిగ దొరికినవ్ బిడ్డ. ఏ బొక్కకు ఆ బొక్క తెలుస్తుంది. గీ లావు మనుషులతోని నా పానం పోతది" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నా ఒంటిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆయన ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో తువ్వాల మీది కుప్పలో వెతికి, అలాంటి ఎముకనే బయటికి తీశాడు. ఇంకెక్కడా ఆగలేదు. అరచేయి తిప్పితే లోపల ఏ ఎముక ఏ ఎముక మీదికి ఎక్కుతుందో, చీలమండ దగ్గర పిల్లలకు ఎక్కడ చిట్లుతుందో చెప్పుకుంటూ, ఎడమ పక్కంతా గంటన్నరలో కూర్చి, బద్దలు పెట్టి గుడ్డ పేలికలతో కట్టేశాడు. పక్కటెముకలు మాత్రం నీవి నువ్వే తడుముకుని చెప్పమన్నాడు.

ఎడమ పక్క అయ్యాక పేలికలు నా ఒళ్లో పడేసి, కుడి పక్క నన్ను కట్టమన్నాడు. రేపే ఇన్‌స్పెక్షన్ తాతా, పొద్దు గుంకుతోంది, నువ్వే కట్టెయ్యి అని బతిమాలాను. రేపు ఎవరైనా అడిగితే నా చెయ్యి కోసి నీతో పంపాలా అన్నాడు. ఇక చేసేదేముంది, నిండు అంగడిలో, ఒక పక్క వంకాయలు, ఒక పక్క గాజులు అమ్ముతుంటే, కళ్లు గట్టిగా మూసుకుని నా మోకాలు నేనే తడుముకుంటూ కూర్చున్నాను. నా క్లాసు పిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురు చూసి, టీచరమ్మకు ఏమైందని తాతను అడిగారు. ఆయన చదువుకుంటుందని చెప్పాడు. తప్పు కట్టినప్పుడల్లా నా వేళ్ల మీద చిన్న దెబ్బ వేసి ఊడదీయించాడు. నాలుగోసారికి మోకాలు ముందుకు వంగింది. ఆ క్షణాన కళ్లలో నీళ్లు తిరిగాయి. (చివర్లో ఒక చిన్న ఎముక మిగిలింది. తాత దాన్ని తిప్పి చూసి, సంచిలో వేసుకొమ్మని నాకే ఇచ్చాడు. అది ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.)

మరునాడు అధికారి వచ్చాడు. ల్యాబు గుమ్మంలో అడుగు పెట్టి ఆగిపోయాడు. ఎదురుగా పచ్చగా మెరిసిపోతూ, ప్రతి కీలు దగ్గరా వెదురు బద్దలూ గుడ్డ కట్లతో, ఘాటు రోడ్డులో బస్సు బోల్తా పడి బయటపడినవాడిలా నిలబడి ఉంది మా అస్థిపంజరం. పెద్దసారు మొహం దానికంటే పాలిపోయింది. ఈ కట్లేమిటి, తీసేయండి అన్నాడు అధికారి. నేను జవాబు కూర్చుకునేలోపు తలుపు దగ్గర నిలబడ్డ ఆయమ్మ, "ఇరవై ఒక్క దినాల దాక ఇప్పొద్దన్నరు సార్" అంది వినయంగా. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి, ముంజేతిలో రెండు ఎముకలుంటాయి కదా, ఏది ఏదో చూపించి పిల్లలకు చెప్పమన్నాడు.

రాత్రంతా బట్టీ పట్టిన పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. ముందు పిల్లలు, పక్కన పెద్దసారు, ఎదురుగా అధికారి. ఇక నా పని అయిపోయిందనిపించింది. కానీ ఓడిపోయి ఆ గేటు దాటడం నాకు ఇష్టం లేదు. కళ్లు మూసుకున్నాను. కుడి చేత్తో నా ఎడమ ముంజేతిని పట్టుకుని, అరచేతిని మెల్లగా తిప్పాను. బొటనవేలి పక్కనున్న ఎముక రెండోదాని మీదికి ఎక్కడం నా వేళ్లకు తెలిసింది. అదే పిల్లలకు చెప్పాను. మీరూ కళ్లు మూసుకుని తిప్పి చూడండి, కదిలేది ఏది, కదలకుండా ఉన్నది ఏది అని అడిగాను. క్లాసంతా కళ్లు మూసుకుని చేతులు తడుముకోవడం మొదలుపెట్టింది. అలా మోచేతి దాకా, భుజం దాకా వెళ్లాం. రత్ని, అరత్ని అనే పేర్లు ఎప్పుడు నోట్లోకి వచ్చాయో నాకే తెలియదు. కళ్లు తెరిచేసరికి అధికారి ఫైలు బల్ల మీద పెట్టి, తన మణికట్టు తానే పట్టుకుని తిప్పి చూసుకుంటున్నాడు. నేను చూశానని గమనించి చటుక్కున ఫైలు తీసుకున్నాడు. వెళ్లబోతూ, దీన్ని ఎవరు బిగించారని అడిగాడు.

"నేనే సార్" అన్నాను.

పర్మిషన్ వచ్చింది. పదో తరగతి వచ్చింది. నేను గేటు లోపలే ఉండిపోయాను. ఇంట్లో అందరూ సంతోషించారు, అన్న కూడా. కానీ ఆ "నేనే" అన్న మాట నన్ను తినడం మొదలుపెట్టింది. సగం కట్టింది తాత. మిగతా సగం కట్టించింది కూడా ఆయనే. అధికారి ముందు కట్లు కట్టే ముసలాయన పేరు చెబితే బడి పరువు తక్కువవుతుందేమో, నా ఉద్యోగం ఊడుతుందేమో అని భయపడి మింగేశాను. ఆ తర్వాతి అంగడికి మా చెరుకుతో వండిన కొత్త బెల్లం ముద్ద ఒకటి పట్టుకుని వెళ్లాను. తాత ఒకాయన కాలికి కట్టు కడుతున్నాడు. తల ఎత్తకుండానే, అది నిలబడిందా అని అడిగాడు. నిలబడింది తాతా అన్నాను. ఆ తర్వాత, నీ పేరు చెప్పలేదు, నేనే కట్టానని చెప్పాను అని ఒప్పుకున్నాను. ఏమంటాడోనని నిలబడ్డాను. ఆయన ముడి బిగించి, ఆ మనిషిని లేపి నాలుగడుగులు నడిపించి, అప్పుడు నా వైపు చూశాడు.

"కట్టు మంచిగ కుదిరితె కట్టినోన్ని ఎవ్వలు యాది పెట్టుకోరు బిడ్డ. కుంటుకుంట నడిచేటోడే దినాం నా పేరు తీస్తడు."

బెల్లం మాత్రం తీసుకున్నాడు. కొంచెం విరిచి నోట్లో వేసుకుని, పాకం ముదిరిందన్నాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. తర్వాత సర్కారు బడికి ఎంపికై, మహమ్మద్ నగర్ దిక్కు ఊళ్లలో పనిచేస్తూ వచ్చాను. ఎంతమంది పిల్లలు నా చేతుల మీదుగా వెళ్లారో లెక్క లేదు. బస్సులో కనిపిస్తారు, బజారులో కనిపిస్తారు. కొందరు దండం పెడతారు, చాలామంది నా వైపు చూడకుండానే దాటిపోతారు. మొదట్లో బాధగా ఉండేది. ఇంత చెప్పాను, మొహం కూడా గుర్తులేదా అని ఇంటికి వచ్చి ముభావంగా కూర్చునేదాన్ని.

పోయిన వానాకాలం మెట్ల మీద జారి నా చీలమండ వాచింది. దవాఖానకు వెళ్తే ఎక్స్‌రే తీసినతను మా పదో తరగతి మొదటి బ్యాచి పిల్లవాడు. గడ్డం పెంచినా చూడగానే గుర్తుపట్టాను. వాడు గుర్తుపట్టలేదు. అమ్మా అమ్మా అంటూ నన్ను జాగ్రత్తగా బల్ల మీద కూర్చోబెట్టి, ఫిల్ము వెలుతురుకు పట్టి, ఎముకలు విరగలేదని, వాపు ఎక్కడొచ్చిందో, ఏ ఎముక ఏ ఎముకను ఎలా మోస్తుందో, చదువు రాని పెద్దమనిషికి చెప్పినట్టు ఓపికగా, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. అంత బాగా ఎక్కడ నేర్చుకున్నావు నాయనా అని నాలుక చివరి దాకా వచ్చింది. నేను నీ టీచర్‌నిరా అని కూడా వచ్చింది. రెండూ మింగేసి, అట్లనా బాబూ అన్నాను. వాడు తర్వాతి మనిషిని పిలిచాడు. గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడుస్తూ, వీడికి కట్టు బాగా కుదిరింది అనుకున్నాను.